మూడు చాబీల కారు

మా లస్మయ్య చిన్నాయన ఏళ్ల తరబడి కారు నడిపాడు. అన్నేళ్లలో ఒక్క రోజు తప్ప ఆ కారు తాళంచెవి ఎన్నడూ ఆయన జేబులో లేదు. తుడిచేది ఆయనే, కడిగేది ఆయనే, ఎండ పడకుండా గోనెసంచులు కప్పేది ఆయనే. తలుపు తీయాల్సి వస్తే మాత్రం పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడాలి. ఈ సంగతి చెబితే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, కథంతా విన్నాక నవ్వమనండి చూద్దాం.

ఆ కారు మా ఊరి ముసలి పటేలుది. నల్ల అంబాసిడర్. జనగామకు నాలుగు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్లో అప్పటికి అదొక్కటే కారు. పటేలు పోయిన మూడో నెలలోనే కొడుకులు ముగ్గురూ పంపకాలకు కూర్చున్నారు. పెద్దవాడు గోవర్ధన్ రెడ్డి జనగామలో ఇల్లు కట్టుకుని రాజకీయాలు చేస్తున్నాడు. నడిమివాడు కొండల్ రెడ్డికి మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, బియ్యం మిల్లు ఉంది. చిన్నవాడు ముత్యంరెడ్డి భూపాలపల్లి అడవుల్లో కలప కంట్రాక్టు పట్టాడు. పొలాలు పంచుకున్నారు. బావులకు వంతులు పెట్టుకున్నారు. ఎడ్లకు చీట్లు వేసుకున్నారు. తల్లి లచ్చమ్మను కూడా ఏడాదికి నాలుగేసి నెలల చొప్పున పంచుకోబోతే ఆమె ఈ ఇల్లు దాటి రానని గడపలో కూర్చుంది. ఇక కారు దగ్గరకొచ్చేసరికి పంచాయితీ పీటముడి పడింది. అమ్మేద్దామంటే బాపు ఎక్కిన కారు అమ్ముడేందని ముగ్గురికీ రోషం. ఒకడికి ఇద్దామంటే మిగతా ఇద్దరికీ కడుపుమంట.

అప్పుడు తోవ చూపింది లచ్చమ్మే. కారుకు తాళాలు మూడు: తలుపుది ఒకటి, ఇంజను స్టార్టు చేసేది ఒకటి, పెట్రోలు ట్యాంకు మూతది ఒకటి. ఒకదాని తాళంచెవి ఇంకోదానికి పట్టకుండా మూడూ వేరువేరుగా వేయించి కొడుక్కొకటి ఇచ్చేయమంది. స్టార్టు తాళం పెద్దవాడికి వచ్చింది, తలుపు నడిమివాడికి, ట్యాంకు చిన్నవాడికి. ఇంకో షరతు కూడా ఆమే పెట్టింది. తాళంచెవిని ఇంకొకరి చేత పంపకూడదు, దాని మనిషే పట్టుకుని రావాలి. పెద్దమనుషులు తలలూపారు. ఒకరికి తెలియకుండా ఒకరు కారు తీసుకుపోయే వీల్లేదు కదా అని కొడుకులు ముగ్గురూ ఒప్పుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లలో కూడా ఆ తీర్పు గురించి గొప్పగా చెప్పుకున్నారు. నడిచే బండిని నడవకుండా చేసి, దాని తాళంచెవులు మూడు ఊళ్లలో మూడు బీరువాల్లో దాచుకోవడాన్ని మా వైపు తెలివి అనుకున్నారు మరి.

అంతా అయ్యాక డ్రైవరు మిగిలాడు. వీడు రేపు ఎవరికి అమ్ముడుపోతాడోనని ముగ్గురికీ అనుమానం. కొమురెల్లి మల్లన్న బండారి తెప్పించి, ఆ పసుపులో లస్మయ్య చేత చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించారు. తాళం పగలగొట్టను, మారు తాళంచెవి చేయించను, ఇవీ మాటలు. బండారి ముట్టి అన్న మాట తప్పితే ఇంటిల్లిపాదికీ కీడని మా ఇళ్లల్లో గట్టి నమ్మకం. చిన్నాయన ముట్టాడు. ఇంటికొచ్చాక సత్తెమ్మ చిన్నమ్మ దులిపేసింది.

"అన్నదమ్ములు ఒకలనొకలు నమ్మకపోతే నడుమ నీకేంది? వాళ్ల దొంగబుద్ధికి నీ చెయ్యి ఎందుకు పసుపుల పెట్టినవ్?"

"కొలువు గద సత్తెమ్మా," అన్నాడు చిన్నాయన. ఆయన అంతకన్నా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

ఆ తర్వాత పెళ్లికైనా, పరామర్శకైనా, కోర్టుకైనా కారు కదలాలంటే ముగ్గురూ ఊరికి రావాల్సిందే. ముందురోజే కబుర్లు వెళ్లేవి. జనగామ నుంచి ఒకరు, మానుకోట నుంచి ఒకరు, భూపాలపల్లి నుంచి ఒకరు దిగేవారు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. కానీ బయలుదేరే ముందు తల్లి వడ్డించిన అన్నం తినకుండా వెళ్లడం ఆ ఇంట్లో లేదు. ముగ్గురినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి లచ్చమ్మ స్వయంగా వడ్డించేది. నాటుకోడి కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు. తర్వాత నడిమివాడు తలుపు తీసేవాడు, చిన్నవాడు ట్యాంకు మూత తీస్తే పెట్రోలు పోసేవారు, పెద్దవాడు స్టార్టు తాళం తిప్పేవాడు. అప్పుడు చిన్నాయన స్టీరింగు ముందు కూర్చునేవాడు. తిరిగొచ్చాక ఎవరి తాళం వాళ్లు వేసుకుని వెళ్లేవారు. తన డబ్బుతో పోసిన పెట్రోలు ఇంకొకడికి మిగల్చడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి ట్యాంకు ఎప్పుడూ ఖాళీయే. ఎవరి పెట్రోలు డబ్బాలు వాళ్లవి, వంటింటి వెనక కొట్టులో ఉండేవి.

ఇలా నడుస్తుండగానే అరవై తొమ్మిది వచ్చింది. తెలంగాణ కావాలని ఊరూరా లేచారు. ఎండాకాలం వచ్చేసరికి రైళ్లు ఆగిపోయాయి, బస్సులు బయటికి రావడం మానేశాయి. జనగామలో కొట్లు మూసేశారు. గోవర్ధన్ రెడ్డి అరెస్టు చేస్తారన్న భయంతో ఎక్కడో తలదాచుకున్నాడు. మానుకోటకు గానీ భూపాలపల్లికి గానీ మనిషి పోయే వీలు లేదు, కబురు పోయే వీలూ లేదు. సరిగ్గా అప్పుడే లచ్చమ్మకు కడుపునొప్పి పట్టుకుంది.

మొదట అజీర్తి అనుకుని వాము నమిలించారు. తెల్లారేసరికి కడుపు ఉబ్బి రాయిలా అయింది. నీళ్లు తాగినా కక్కుతోంది. మా ఊళ్లో సూదులు వేసే కంపౌండర్ భద్రయ్య వచ్చి కడుపు తడిమి చూశాడు. చిన్నాయనను వాకిట్లోకి పిలిచాడు.

"పేగు మెలిక పడ్డది లస్మయ్యా. నా సూదితోని అయ్యేది కాదు. కోసి సరిచెయ్యాలె. వరంగల్ పెద్ద దవాఖానకు తీస్కపో. జల్ది పో, ఆలస్యమైతే మనిషి దక్కదు."

"బండి కట్టనా?"

"ఎడ్లబండి మీద వరంగల్ దాక ఈమె పాణం నిలుస్తదా? కార్ ఉన్నది గద ఇంట్ల!"

కారు ఉంది. వాకిట్లోనే, చింతచెట్టు నీడలో, కడిగి తుడిచి ఉంది. చిన్నాయన వెళ్లి దాని తలుపు పట్టి లాగి చూశాడట. ఆ ఇంట్లో ఆయన పుట్టి పెరిగాడు. తల్లి పురిట్లోనే పోతే లచ్చమ్మే పాలు పట్టించి, బట్టలు కుట్టించి పెంచింది. కొడుకులకు ఆస్తి ఇచ్చింది, ఈయనకు కొలువు ఇచ్చింది అంతే తేడా. ఆమెను ఆయన అవ్వా అనే పిలిచేవాడు.

లోపలికి వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, అద్దం పలగ్గొట్టి వైర్లు కలుపుత, ట్యాంకు మూత ఊడగొడ్త. నాకొస్తది. పసుపు తప్పితే తప్పనియ్, నా మీద పడేది నా మీద పడనియ్."

లచ్చమ్మ నొప్పితో పళ్లు బిగబట్టి ఉంది. అయినా ఆయన మణికట్టు పట్టుకుంది. "వద్దు బిడ్డా. నీ ఇంటికి కీడు తెచ్చే పని నేను చెయ్యనియ్య. పలిగిన అద్దం చూస్తే నువ్వు పలగ్గొట్టినవ్ అంటే నువ్వని వాళ్లు కోర్టుకు పోతరు. మిగిలిన ఆయింత పొత్తు తెగిపోతది. జనగామ పో. పెద్దోని చాబీనన్న తే."

ఒక్క తాళంచెవి తెస్తే ఏం లాభం? ఆ మాట ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా సైకిలెక్కాడు.

ఎండలో జనగామ చేరేసరికి గొంతు ఎండిపోయింది. గోవర్ధన్ రెడ్డి ఇంట్లో లేడు. భార్య ప్రేమలత సగం తలుపు తీసి, అత్తకు ఎలా ఉందో విని ఏడ్చింది. ఏడ్చిందే కానీ తాళంచెవి ఇవ్వలేదు.

"బీరువల ఉన్నది లస్మయ్యా. నా కండ్లకు కనవడుతనే ఉన్నది. ఎవ్వల చేతికియ్యొద్దని ఒట్టు వెట్టించుకొని పోయిన్రు. నేనిస్తే, మీ ఇంటోళ్లే ముందుగాల ఒప్పందం తప్పిన్రని మరుదులిద్దరు ఆయన్ని బజార్ల నిలవెడ్తరు. అప్పుడు నన్ను ఇంట్ల ఉంచుతరా?"

"అమ్మా, మీ అత్త సచ్చిపోతది."

"మరుదుల చాబీలు తీస్కరా. అవి తెచ్చిన వెంటనే ఇది నీ చేతుల వెడ్త. మల్లన్న మీద ఆన."

వాటికోసం మానుకోట పోవాలి, అక్కణ్నుంచి భూపాలపల్లి అడవికి పోవాలి, తిరిగి రావాలి. సైకిలు మీద. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదురా, భయపడ్డది పాపం, అనేవాడు చిన్నాయన. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బీరువా తలుపు తీస్తే పోయేది ఏముంది? పోయే ప్రాణం పక్కన ఒట్టు ఎంత, ఒప్పందం ఎంత?

ఆ ఇంటి ముందు ఎండలో నిలబడి చిన్నాయన ఏడ్చాడు. సిగ్గు విడిచి, దారిన పోయేవాళ్లు చూస్తున్నా ఏడ్చాడు. ఒంటరిగా వెనక్కి పోయి అవ్వ చావును చూస్తూ కూర్చోవడం తప్ప ఇంకేమీ మిగల్లేదనుకున్నాడు. అప్పుడే తుల్సీరాం గుర్తుకొచ్చాడు. తుల్సీరాం జనగామ స్టేషన్ బయట గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసేవాడు. కారుకు మూడు వేర్వేరు తాళాలు బిగించింది కూడా అతనే. బందు కాబట్టి గొడుగు లేదు. స్టేషన్ వెనక గల్లీలో ఇల్లు వెతికి పట్టుకున్నాడు.

తుల్సీరాం అంతా విన్నాడు. విని అడ్డంగా తల ఊపాడు.

"నా పనికి ఒక్కటే రూలు ఉన్నది అన్నా. బండి మాలిక్ బండి ముందల నిలవడి చెయ్యమంటెనే చేస్త. లేకుంటె రేపు పోలీసోళ్లు నా గల్లనే పట్టి అడుగుతరు. గీ కార్‌కు మాలిక్ ఎవరు?"

కాగితాలు ఇంకా చనిపోయిన పటేలు పేరు మీదే ఉన్నాయి.

"మా అవ్వ," అన్నాడు చిన్నాయన. "పటేలు పెండ్లాము గద. ఆమెతోని చెప్పిస్త. కాని అన్నా, నేను బండారి ముట్టి చెప్పిన. తాళం పలగ్గొట్టొద్దు, మారు చాబీ చెయ్యొద్దు."

తుల్సీరాం మొదటిసారి నవ్వాడు. "పలగ్గొట్టుడు నా పని కాదు. చాబీ నేను చెయ్య. తాళం లోపలి సంగతి మీ పసుపుల లేదు గద?"

సైకిలు వెనక సీటు మీద అతన్నీ, అతని పనిముట్ల సంచినీ ఎక్కించుకుని చిన్నాయన తొక్కాడు. ఎదురుగాలి. ఎత్తు వచ్చిన చోటల్లా ఇద్దరూ దిగి పరిగెత్తారు. ఊరు చేరేసరికి లచ్చమ్మ మూలగడం కూడా మానేసింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. మాలిక్ బండి ముందు నిలబడాలన్న మాటకు తగ్గట్టు ఆమెను మంచంతో సహా నలుగురు ఎత్తి చింతచెట్టు కింద కారు పక్కన దించారు.

తుల్సీరాం ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని విడమరిచి చెప్పాడు. తాళం లోపల సన్నని ఇత్తడి రేకులు ఉంటాయి. తాళంచెవి పళ్లు ఆ రేకుల్ని ఒక వరుసకు తెస్తేనే తాళం తిరుగుతుంది. ఊచతో తలుపు తెరిచి, మూడు తాళాలూ ఊడదీసి, రేకులన్నీ మార్చి అమర్చి, తన కట్టలో పడి ఉన్న పాత తాళంచెవి ఒకదానికే మూడూ తిరిగేలా చేస్తాడు. తాళం పగలదు. కొత్త తాళంచెవి చేసినట్టూ కాదు.

"ఒక్క చాబీ?" అంది లచ్చమ్మ. గొంతు పీలగా ఉంది. "మరి నా కొడుకుల చాబీలు?"

"అవి ఇగ పట్టయి అమ్మా."

"అయితే వద్దు."

చిన్నాయన నెత్తి బాదుకున్నాడు. "అవ్వా! నువ్వు పోతున్నవ్ అవ్వా! నీకు చాబీల సంగతి ఎందుకు?"

"నీకు తెల్వదా లస్మా?" అంది ఆమె. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "భూమి పంచుకున్నరు, ఇగ ఒకలతోని ఒకలకు పని లేదు. పండుగకు రారు. వాళ్ల బాపు తిథికి సుత రారు. కార్ కోసం వస్తరు. మూడు చాబీలు పెట్టుమన్నది అందుకే బిడ్డా, కార్ దొంగలు వడ్తరని కాదు. ఒక్క చాబీ అయితే కార్ ఒక్కనిదైతది. మిగిలిన ఇద్దరు ఈ వాకిట్ల అడుగువెట్టరు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఊరంతా తెలివైన తీర్పని మెచ్చుకున్నదాని లోపల ఉన్నది ఇదీ. ముగ్గురు పిల్లల్ని ఒక పూట ఒక బంతిలో కూర్చోబెట్టుకోవడానికి ఒక తల్లి పడ్డ తిప్పలు.

తుల్సీరాం సంచి మూతి విప్పి పనిముట్లు బయట పెట్టాడు. తర్వాత అన్నాడు: "ఇంకొక తీరు ఉన్నది అమ్మా. మంచి పని కాదు, నేను ఎవ్వలకు చెయ్య. మార్చి అమర్చుడు కాదు, ఒక్కొక్క తాళంల ఒక్క రేకు ఉంచి మిగిలినయన్ని తీసేస్త. అప్పుడు మీ కొడుకుల చాబీలు ఎవలది వాళ్ల తాళానికి ఎప్పటి లెక్కనే పడ్తది. నా పాత చాబీ కూడ మూడింటికి పడ్తది."

"అంటే పెద్దోని చాబీ తలుపుకు సుత పడ్తదా?"

"పడ్తది. ఎవలది దేనికైన పడ్తది, ఒక్క రేకును ఏ చాబీ అయిన లేపుతది. అది ఇగ పేరుకే తాళం."

లచ్చమ్మ కళ్లు మూసుకుంది. ఆ మాటలో ఉన్న ప్రమాదం ఆమెకు అక్కడే అర్థమైంది. ప్రతివాడి దగ్గరా మొత్తం కారు తాళంచెవి ఉన్నట్టే. ఒకరి కోసం ఇంకొకరు రానక్కర్లేదు. చిన్నాయన ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

"నువ్వుంటేనే గదా అవ్వా వాళ్లు వచ్చేది? నువ్వే లేకపోతే ఎవలింటికి వస్తరు? వాళ్లకేం తెల్వదు. ఎవని చాబీ వాడు వాని తాళంలనే పెడ్తడు, అది తిరుగుతది. ఇంకో దాంట్ల పెట్టి చూడాలన్న ఆలోచన ఎవనికొస్తది? నేను నోరు తెరువ. ఈడున్నోళ్లెవ్వలు సుత తెరువరు."

ఆమె తుల్సీరాంకు చెయ్యి ఊపింది, చెయ్యమన్నట్టు.

తలుపు తెరుచుకుంది. తాళాలు మూడూ ఊడివచ్చి గుడ్డ మీద పడ్డాయి. తుల్సీరాం సూది లాంటి పనిముట్టుతో ఒక్కో ఇత్తడి రేకునూ బయటకు తీసి పారేస్తుంటే, చిన్నాయన పెట్రోలు డబ్బాలు మోసుకొచ్చి సిద్ధంగా నిలబడ్డాడు. తాళాలు మళ్లీ బిగించారు. వెనక సీటు మీద బొంత పరిచి లచ్చమ్మను పడుకోబెట్టారు. సత్తెమ్మ చిన్నమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. తుల్సీరాం ఇచ్చిన ఆ పాత తాళంచెవి పెట్టి తిప్పితే ఇంజను ఒక్కసారికే అందుకుంది.

ఘనపూర్ దాటాక రోడ్డు మీద రాళ్లు పేర్చి ఉన్నాయి. కుర్రాళ్లు కారును చుట్టుముట్టారు. ఎవరో పెద్దోళ్ల కారని ఒకడు రాయి ఎత్తాడు. చిన్నాయన దిగి రెండు చేతులూ జోడించి వెనక సీటు చూపించాడు. లోపలికి తొంగిచూసిన పిల్లవాడు వెనక్కి తిరిగి, "ముసలవ్వ రా! రాళ్లు జరుపుండ్రి!" అని అరిచాడు. ఆ రాళ్లు పేర్చినవాళ్లే పరుగున వచ్చి తీసేశారు. ఒకడు నీళ్లు కూడా ఇచ్చాడు. ముక్కూమొహం తెలియని ఆ పిల్లల్ని చిన్నాయన చాలాకాలం తలచుకునేవాడు.

వరంగల్లో అదేరోజు ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే పేగు కుళ్లేదన్నారట డాక్టర్లు. లచ్చమ్మ బతికింది. కళ్లు తెరిచి ఆమె అడిగిన మొదటి మాట ఆ పాత తాళంచెవి గురించే. "పారేసినవా?" అంది. చిన్నాయన దాన్ని దవాఖాన వెనక మురుగు మోరీలో పారేసి వచ్చాడు.

రైళ్లు మళ్లీ కదిలాక ప్రేమలత కబురు మీద కొడుకులు ముగ్గురూ దవాఖానకు వచ్చారు. తల్లి మంచానికి ఆ పక్కొకరు, ఈ పక్కొకరు, కాళ్ల దగ్గరొకరు. లచ్చమ్మ మొహంలో అంత వెలుగు చిన్నాయన ఎన్నడూ చూడలేదట. లేవలేని మనిషి, బత్తాయి వలిచి ముగ్గురి చేతుల్లోనూ తొనలు పెట్టింది. కారు ఎలా వచ్చిందని వాళ్లు అడిగారు. తుల్సీరాం ఊచతో తెరిచాడనీ, మళ్లీ ఎప్పటిలాగే బిగించాడనీ చిన్నాయన చెప్పాడు. ముగ్గురూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారే కానీ ఇంకేమీ అనలేదు.

ఇంటికి పంపించేరోజు లచ్చమ్మ ఒకటే కోరింది. "ముగ్గురు మీ చాబీలు వెట్టి నన్ను ఇంటికి తోల్కపోవాలె. సత్తెమ్మ ముందుగాల పోయి వంట చేస్తది. అందరం కలిసి తిందాం." ముగ్గురూ సరేనన్నారు. సత్తెమ్మ చిన్నమ్మ పొద్దున బస్సుకే ఊరికి వెళ్లింది.

కొండల్ రెడ్డి తలుపు తీశాడు. ముత్యంరెడ్డి ట్యాంకు మూత తీశాడు, పెట్రోలు పోశారు. చిన్నాయన లచ్చమ్మను చేతుల మీద మోసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. గోవర్ధన్ రెడ్డి మాత్రం గేటు దగ్గర ఎవరో నాయకుడు కనిపిస్తే అతనితో మాటల్లో పడ్డాడు. ఎంత పిలిచినా వస్తున్నా వస్తున్నా అంటున్నాడు. ముందుసీట్లో చెమటలు కక్కుతూ కూర్చున్న కొండల్ రెడ్డికి విసుగొచ్చింది. "వీనికోసం ఇంకెంతసేపు?" అంటూ, చేతిలో ఉన్న తలుపు తాళంచెవిని కోపంగా స్టార్టు తాళంలో పొడిచి తిప్పాడు.

ఇంజను స్టార్టయింది.

కొండల్ రెడ్డి ఆపి, మళ్లీ తిప్పాడు. మళ్లీ స్టార్టయింది. ముత్యంరెడ్డి చూశాడు. వచ్చి, తన ట్యాంకు తాళంచెవిని తలుపులో పెట్టి తిప్పాడు. తిరిగింది. ఇంజను చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన గోవర్ధన్ రెడ్డి తనదాన్ని ట్యాంకు మూతలో పెట్టి చూసుకున్నాడు. అదీ తిరిగింది. తల్లి వెనక సీట్లో కూర్చుని ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకరిని చూస్తూనే ఉంది.

ముగ్గురూ కలిసి చిన్నాయన మీద పడ్డారు. ఎవని దగ్గర తిన్నవురా, బండారి ముట్టిన చెయ్యి ఇదేనా అని కాలర్ పట్టుకున్నారు. ఆయన మాట ఇచ్చాడు కదా, నోరు తెరవలేదు. లచ్చమ్మే తల బయటికి పెట్టి అరిచింది. "వాన్ని ఇడువుండ్రి! నేనే చేయించిన. నా పాణం మీదికొచ్చి నేనే చేయించిన."

కాలర్ వదిలారు. ముందుగా మాట్లాడింది కొండల్ రెడ్డే.

"పోనీతీ. మంచిగనే అయింది. ఇగ ఎవల కోసం ఎవలు ఎదురుచూసుడు లేదు."

మిగతా ఇద్దరూ కాదనలేదు. వాళ్లు కొట్టుకుని ఉంటే బాగుండేది, తిట్టుకుని ఉంటే బాగుండేది, అనేవాడు చిన్నాయన. బరువు దించుకున్నవాళ్లలా కనిపించారట. గోవర్ధన్ రెడ్డి ఆ నాయకుడి జీపెక్కాడు. ముత్యంరెడ్డి బస్టాండుకు నడిచాడు. "వంట చేసింది బిడ్డా, సత్తెమ్మ వంట చేసింది," అని లచ్చమ్మ అంటూనే ఉంది. కొండల్ రెడ్డే కారు నడిపి తల్లిని ఇంటి గేటు దగ్గర దించాడు. మిల్లు మీద పనుందని లోపలికి రాకుండానే మానుకోట వెళ్లిపోయాడు. సత్తెమ్మ చిన్నమ్మ వడ్డించిన మూడు విస్తళ్లూ అలాగే ఉండిపోయాయి.

తర్వాత కారు బతుకు చూడాలి. మానుకోటలో ఉన్నదాన్ని ముత్యంరెడ్డి ఒక పొద్దున తన తాళంచెవితో తీసుకుపోయాడు. భూపాలపల్లిలో కలప దుంగల మధ్య ఉన్నదాన్ని గోవర్ధన్ రెడ్డి మనిషిని వెంటబెట్టుకుపోయి తెచ్చుకున్నాడు. జనగామ నుంచి మళ్లీ మానుకోట. కేసు పెట్టడానికి కూడా లేదు, ఎవరి తాళంచెవి వాళ్లది, తాళం పగల్లేదు. చివరికి ఎవరి వంతులోనో బయ్యారం తోవలో చెట్టుకు గుద్దుకుని అక్కడే తుక్కయింది. ఇన్నిసార్లు తిరిగినా అది మా ఊరి వాకిట్లోకి మాత్రం ఒక్కసారీ రాలేదు. వాళ్లూ రాలేదు. డ్రైవరుతో పని లేదు కాబట్టి చిన్నాయన కొలువు కూడా పోయింది. లచ్చమ్మ మిగుల్చుకున్న రెండెకరాలు దున్నుతూ, ఆమె ఎడ్లను చూసుకుంటూ ఉండిపోయాడు.

ఆమె ఇంకా పదేళ్ల పైనే బతికింది. కుట్లు మానాయి, తిండి సహించింది, ఒళ్లు బాగుపడింది. ఆమెను బతికించినందుకు ఊళ్లో అందరూ చిన్నాయనను మెచ్చుకునేవారు. ఆయన మాత్రం ఆ మాట వస్తే లేచి వెళ్లిపోయేవాడు. ఎందుకలా అని ఒకసారి నేను గట్టిగా అడిగితే చెప్పాడు. ఒక మధ్యాహ్నం ఇద్దరూ అరుగు మీద కూర్చుని కందులు బాగుచేస్తున్నారట. లచ్చమ్మ చేట పక్కన పెట్టి, కోపమేమీ లేకుండా, మామూలుగానే అడిగిందట.

"లస్మా, ఆ దినం నేను సచ్చిపోయుంటే, నా శవాన్ని కార్ల వెట్టనీకెనన్న ముగ్గురు మూడు చాబీలు పట్టుకొని వస్తుండిరి గద బిడ్డా?"